రెండు అద్దాల కిటికీ – మధ్యన గాలి దుప్పటి



దసరా సెలవులకి ఊరెళ్ళినప్పుడు మా బావ హైదరాబాదు నుంచి వచ్చి ఉన్నాడు. అక్కడ పెద్ద పెద్ద మేడలకి అద్దాలు బిగించే పనిలో అతను హెల్పరు. వచ్చేటప్పుడు ఇంట్లో చిన్నపిల్లలకి మిఠాయి తెచ్చాడు. నాకు మాత్రం ఒక అల్యూమినియం ముక్క తెచ్చాడు. జానెడు పొడవు, వేలంత లావు, లోపల గుల్ల. చెవి దగ్గర పెట్టి ఊపితే గలగలమని చప్పుడు.

"ఏటి బావా ఇది? లోపలేటున్నాది?" అన్నాను.

"అద్దానికీ అద్దానికీ మధ్యన పెట్టేదిరా. లోపలున్నవి చెమ్మ పీల్చే గింజలు. పగిలిపోయిన అద్దంలోంచి తీసేను. అక్కడ ఒక్కో కిటికీకి రెండేసి అద్దాలుంటాయి."

నాకు నవ్వొచ్చింది, కొంచెం ఉక్రోషం కూడా వచ్చింది. మన మూడో డార్మెటరీలో నాలుగు కిటికీ రెక్కలకి ఒక్క అద్దమైనా లేక అట్టపెట్టె ముక్కలు పెట్టుకుని పడుకుంటున్నాం. వాళ్ళకేమో ఒక్కో కిటికీకి రెండా! ఎందుకు రెండు, ఒకటి చాలదా అని అడిగితే బావ "వేడి పోకుండా, వేడి రాకుండా" అన్నాడు. రెండూ ఒకే కిటికీ ఎలా చేస్తుంది? తిరిగొచ్చాక ఫిజికల్ సైన్స్ సార్ని అడిగాను, లైబ్రరీ బీరువాలో పుస్తకాలు చూశాను. తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాను. తప్పుంటే సార్లు దిద్దాలి.

ముందు ఒక ప్రశ్న. చలిని ఆపేది అద్దమా? మనలో చాలామంది అవుననుకుంటాం. కాదు. అద్దం గాలి తోయడాన్ని ఆపుతుంది, అంతే. అద్దంలోంచి వేడి సులువుగా దాటిపోతుంది. కదలకుండా నిలబడిన గాలితో పోలిస్తే అద్దం సుమారు 40 రెట్లు ఎక్కువగా వేడిని దాటిస్తుంది. అసలు కాపలా గాలిదే. మన రగ్గు వెచ్చగా ఉండేది ఉన్ని వల్ల అనుకుంటాం గానీ, ఉన్ని పోగుల మధ్య ఇరుక్కున్న గాలి వల్ల. మన ఊళ్ళో గడ్డి ఇల్లు ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఉంటుంది కదా, అదీ అంతే. మూరెడు మందం గడ్డిలో పుల్లకీ పుల్లకీ నడుమ గాలి. అదే రేకుల షెడ్డులో పడుకుని చూడండి, తేడా తెలుస్తుంది. ఈ సంగతి మన తాతలకి పుస్తకం లేకుండానే తెలుసు.

కాబట్టి రెండు అద్దాల కిటికీలో నిజంగా పని చేసేది మూడోది, మధ్యలో ఉన్న గాలి. అద్దాలు రెండూ దాన్ని పారిపోకుండా పట్టుకునే గోడలన్నమాట.

అయితే ఆ గాలి కదలకూడదు. ఇక్కడే కిటుకుంది. రెండు అద్దాలూ మరీ దగ్గరగా ఉంటే గాలి పొర పల్చనై వేడి గబుక్కున దాటేస్తుంది. మరీ దూరంగా పెడితే లోపలి అద్దం దగ్గర వేడెక్కిన గాలి పైకి లేస్తుంది, బయటి అద్దం దగ్గర చల్లబడ్డ గాలి కిందికి దిగుతుంది. గంజి మరిగేటప్పుడు కింద మీద అయినట్టు గిరగిరా తిరిగి వేడిని మోసుకుపోతుంది. అందుకని 12 నుంచి 16 మిల్లీమీటర్ల సందు పెడతారు. అంటే మన చిటికెన వేలు పట్టేంత. బావ తెచ్చిన ముక్క కొలిచాను, 12 వచ్చింది.

చలిదేశాల వాళ్ళకిది చాలా కాలంగా తెలుసు. రష్యాలో చలికాలం రాగానే కిటికీకి లోపలి వైపు ఇంకో చట్రం బిగించి, సందుల్లో దూది కూరి, కాగితపు పట్టీలు అంటించేవాళ్ళు. వేసవి రాగానే తీసేసేవాళ్ళు. రెండు అద్దాలను ఒకటిగా అతికించి, మధ్య గాలిని మూసేసే పద్ధతికి 1865లో న్యూయార్కుకి చెందిన థామస్ స్టెట్సన్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. అయినా ఆ తర్వాత చాలా ఏళ్ళు ఇది పెద్దగా పాకలేదు, ఎందుకంటే బొగ్గూ నూనే చవగ్గా దొరికేవి. 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపేసరికి ధర నాలుగింతలైంది. అప్పుడు అందరి చూపూ కిటికీల మీద పడింది. జర్మనీలో 1977లో చట్టమే చేశారు, వేడి చేసుకునే గదులున్న కొత్త భవనాలకి ఒంటి అద్దం కిటికీ పనికిరాదని. జేబు కాలితే గానీ సైన్సు గుర్తుకు రాదని నాకనిపించింది.

ఇప్పుడు కొంచెం లెక్క చూద్దాం. లెక్క అంటే పారిపోకండి, గుణకారమే.

ఒక చదరపు మీటరు కిటికీ. లోపలికీ బయటికీ ఒక్క డిగ్రీ తేడా ఉంటే ఎన్ని వాట్ల వేడి దాటుతుందో చెప్పే అంకెను యు-విలువ అంటారు. అంకె ఎంత తక్కువుంటే కిటికీ అంత మంచిది. ఒంటి అద్దానికి ఇది సుమారు 5.7. రెండు అద్దాలకి సుమారు 2.8. తొమ్మిదంగుళాల ఇటుక గోడకి సుమారు 2. అంటే ఒక మీటరు ఒంటి అద్దం దాదాపు మూడు మీటర్ల గోడంత వేడిని పారబోస్తుంది.

బయట 5 డిగ్రీలు, లోపల 20 డిగ్రీలు ఉన్నాయనుకోండి. లంబసింగిలో తెల్లవారుజామున 5 కంటే దిగిన రోజులున్నాయి కాబట్టి ఇది మనకి కొత్త అంకె కాదు. తేడా 15. ఒంటి అద్దం అయితే 15ని 5.7తో గుణిస్తే 85 వాట్లు. రెండు అద్దాలైతే 42 వాట్లు. సగం మిగిలింది. ఒక మేడకి వెయ్యి మీటర్ల అద్దం ఉంటే ఎంతో మీరే వేసుకోండి.

ఇంకో సంగతి. చలికాలం పొద్దున్నే మన కిటికీ అద్దాల లోపలి వైపు నీళ్ళు కారుతుంటాయి చూశారా? తమ్ముళ్ళు వాటి మీద వేలితో పేర్లు రాస్తుంటారు. ఆ నీళ్ళు మంచువి కావు, మన ఊపిరివి. రాత్రంతా మనం వదిలిన చెమ్మ చల్లటి అద్దానికి తగిలి నీరవుతుంది. పైన చెప్పిన చలిలో ఒంటి అద్దం లోపలి ముఖం సుమారు 9 డిగ్రీలుంటుంది. రెండద్దాలదైతే 14 దాటుతుంది. గదిలో గాలి ఓ మోస్తరు చెమ్మగా ఉంటే 12 డిగ్రీల దగ్గర నీరు కట్టడం మొదలవుతుంది. అందుకని మొదటిది కారుతుంది, రెండోది పొడిగా ఉంటుంది. నీళ్ళు కారితే ఏమవుతుంది అంటారా? కిటికీ కింద గోడకి నల్లటి బూజు చూడండి. మూడో తరగతి పిల్లల పక్కలు సరిగ్గా అక్కడే ఉన్నాయి. పోయిన పుష్యమాసంలో వాళ్ళలో ఒకడికి దగ్గు ముదిరి పి.హెచ్.సి.కి తీసుకెళ్ళారు, ఆరు రోజులు రాలేదు. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం వాడే.

మధ్యలో గాలికి బదులు ఆర్గాన్ వాయువు నింపేవి కూడా ఉన్నాయి. ఆర్గాన్ మనం పీల్చే గాలిలో కూడా ఉంది, నూటికి ఒక పాలుకి కాస్త తక్కువ. బరువైనది, బద్ధకమైనది, దేనితోనూ కలవదు. గాలి దాటించే వేడిలో మూడింట రెండొంతులే దాటిస్తుంది.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది వేరే ఉంది. మధ్య సందులో గాలి ద్వారా పోయే వేడి కంటే, గాలితో పని లేకుండా కిరణాలుగా పోయేదే ఎక్కువ. పొయ్యికి ఎదురుగా కూర్చుంటే ముఖానికి సెగ తగులుతుంది కదా, అది గాలి మోసిన వేడి కాదు, కిరణాల వేడి. వెచ్చటి అద్దం కూడా ఎదురుగా ఉన్న చల్లటి అద్దం మీదికి అలా సెగ విసురుతూనే ఉంటుంది, మన కంటికి కనిపించదు. దీన్ని ఆపడానికి లోపలి ముఖం మీద వెండి పూత వేస్తారు. వెండి అంటే పట్టీల వెండే! కానీ ఎంత పల్చన అంటే, వెంట్రుక మందంలో కొన్ని వేల వంతుల్లో ఒక వంతు. అందుకే వెలుతురు దాటుతుంది, మనకి అవతల చెట్లు కనిపిస్తాయి, సెగ మాత్రం తిరిగి వెనక్కి పోతుంది. టీ ప్లాస్కు లోపల తళతళలాడేది కూడా ఇదే పనికి. పూతా ఆర్గానూ రెండూ ఉన్న కిటికీ యు-విలువ 1.1 దాకా దిగుతుంది. ఒంటి అద్దంతో చూస్తే అయిదో వంతు.

ప్లాస్కు మాటెలాగూ వచ్చింది. ప్లాస్కులో రెండు గోడల మధ్య గాలి కూడా ఉండదు, శూన్యం. 1892లో జేమ్స్ డీవార్ దాన్ని కనిపెట్టాడు. కిటికీకి కూడా అలాగే చేస్తే? చేశారు. గాలి తీసేస్తే బయటి గాలి ఒత్తిడికి బల్లపరుపు అద్దాలు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి కదా, అందుకని మధ్యన చీమ తలకాయంత స్తంభాలు వరసగా నిలబెట్టారు. సిడ్నీ యూనివర్సిటీ వాళ్ళు 1989లో మొదటిది చేసి చూపించారు.

ఇక బావ ముక్కలో గింజల సంగతి. రెండు అద్దాలూ అతికించేటప్పుడు లోపల కొంచెమైనా చెమ్మ మిగులుతుంది. అది చలికి మంచులా లోపలి వైపు పడితే తుడవడానికి చెయ్యి పట్టదు. కొత్త బూట్ల డబ్బాలో తెల్ల గింజల పొట్లం వస్తుంది చూడండి, అదే జాతి పని. అల్యూమినియం పట్టీకి లోపలి వైపు సన్నటి బెజ్జాలుంటాయి, గింజలు అందులోంచి చెమ్మ పీలుస్తాయి. చుట్టూ ముందు నల్లటి బంకలాంటి రబ్బరు, దాని మీద సిలికాన్ పూస్తారు. ఆ పూత ఎక్కడైనా విడిపోతే ఇక ఆ కిటికీ పని అయిపోయినట్టే. బాగు చెయ్యడం కుదరదు, మొత్తం మార్చాల్సిందే. బరువు కూడా తక్కువేం కాదు. 5 మిల్లీమీటర్ల అద్దం చదరపు మీటరుకి పన్నెండున్నర కిలోలు. రెండైతే పాతిక. "నాలుగు మీటర్ల పలక అంటే బియ్యం బస్తా రెండు ఎత్తినట్టే, చేతిలోంచి జారితే మాత్రం బియ్యంలా ఏరుకోలేం" అని నవ్వాడు బావ. అతని అరచేతిలో కుట్లు చూశాను.

మీకొక తమాషా. కింద మైదానంలో మూసిన రెండద్దాల పలకని మన ఘాటీ ఎక్కించి తెస్తే కాస్త ఉబ్బుతుంది! బస్సులో వచ్చేటప్పుడు చిప్స్ పాకెట్టు బుడగలా ఉబ్బడం మీరందరూ చూసినదే. మనముండే చోటు సముద్రానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. ఇక్కడ గాలి ఒత్తిడి తక్కువ, లోపల మూసుకున్నది కింది గాలి. అందుకని కొండ ఊళ్ళకి పంపేటప్పుడు తయారు చేసేవాళ్ళు ఆ ఎత్తుని లెక్కలోకి తీసుకుంటారు.

ఇప్పుడు ఎండ ఊళ్ళ సంగతి. హైదరాబాదులో చలెక్కడిది, మరి రెండద్దాలెందుకు? అక్కడ వేడి బయట, చల్లదనం లోపల. ఏ.సి. చేసిన చల్లదనం పోకుండా, బయటి వడగాడ్పు వేడి రాకుండా అదే గాలి పొర కాస్తుంది. వేడి ఎటు నుంచి ఎటు పోతున్నా పొరకి తేడా లేదు. నా మొదటి ప్రశ్నకి జవాబు ఇదే. కానీ ఒక చిక్కుంది. నేరుగా పడే ఎండని మామూలు రెండద్దాలు పెద్దగా ఆపవు. ఒంటి అద్దంలోంచి ఎండ వేడిలో నూటికి 85 పాళ్ళు వస్తే, మామూలు రెండద్దాల్లోంచి కూడా 75 పాళ్ళు వచ్చేస్తుంది. ఎండని ఆపాలంటే వేరే రకం పూత కావాలి, దానికంటే ముందు నీడ కావాలి. చూరు, అరుగు మీద పందిరి, పడమటి వైపు ఒక వేపచెట్టు. హైదరాబాదులో 2004లో అబ్దుల్ కలాం గారు ప్రారంభించిన సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ కరెంటు పొదుపుకి పేరు పొందిన భవనం. అందులో రెండద్దాల కిటికీలతో పాటు నడుమ పెరడు, మిద్దె మీద గడ్డి కూడా పెంచారు. అన్నీ కలిస్తేనే. నాలుగు గోడలూ అద్దంతో కట్టేసి, తర్వాత ఆ అద్దానికి మందు వెతికే మేడలు నాకైతే తెలివైన పనిగా కనిపించవు. బావ ఒప్పుకోడు, "అద్దాలు లేకపోతే నాకు పనెక్కడిదిరా" అంటాడు. అదీ నిజమే.

అక్కడ ఆదా అయ్యే కరెంటుతో మనకేం పని అని అడగొచ్చు. మాచ్‌ఖండ్‌లో 1955 నుంచి కరెంటు తీస్తున్నారు. సీలేరులో తర్వాత వచ్చింది. ఆ జలాశయాల కింద ఏ ఊళ్ళు ఉండేవో మన తాతలు ఇంకా చెబుతారు. పట్నంలో ఒక కిటికీ కారితే దాని లెక్క ఎక్కడో ఒక కొండలోయ దాకా వస్తుంది.

సరే, మన డార్మెటరీకి వద్దాం.

మనకి హీటర్లు లేవు కదా, కాపాడుకోవడానికి వేడెక్కడుంది అనుకోవద్దు. మనమే ఉన్నాం. నిద్రపోయే పిల్లాడి ఒంట్లోంచి సుమారు 50 వాట్ల వేడి వస్తుంది. మూడో డార్మెటరీలో 36 మందిమి. మొత్తం 1800 వాట్లు. రెండు ఇస్త్రీ పెట్టెలు రాత్రంతా వెలిగించి పెట్టినంత! అదంతా నాలుగు చిల్లు కిటికీల్లోంచి పోతోంది.

పోయిన నెల సార్ అనుమతితో రెండు కిటికీలకి పని చేసి చూశాం. ఒకదానికి రెక్క మీద ఒక్క పొర తెల్ల ప్లాస్టిక్ కవరు బిగించాం. రెండోదానికి రెక్క మీద ఒకటి, లోపల ఊచల వైపు చట్రానికి ఇంకొకటి. మధ్యన నాలుగంగుళాల సందు. పుస్తకంలో చెప్పిన 12 మిల్లీమీటర్లు కాదు, అయినా మరీ నష్టం లేదు. పొద్దున్నే చూస్తే మొదటిది నీళ్ళు కారుతోంది, రెండోది లోపలి వైపు పొడిగా ఉంది. అందరం కేకలు వేశాం. మూడో రోజుకి రెండు పొరల మధ్య మంచు పట్టింది. మన దగ్గర చెమ్మ గింజలు లేవు కదా! సార్ చెప్పిన ఉపాయం ఏమిటంటే, లోపలి పొర అంచులన్నీ గట్టిగా మూసి, బయటి పొరకి కింద సన్నటి సందు వదలాలి. లోపలి చెమ్మ మధ్యలోకి రాదు, వచ్చినది బయటికి పోతుంది. అలా చేశాక నయమైంది. అయితే ప్లాస్టిక్ అద్దానికి సాటి రాదు. అద్దం సెగ కిరణాలను ఆపుతుంది, ఈ కవరు చాలావరకు వదిలేస్తుంది. అద్దాలు వచ్చేవరకు మాత్రమే ఇది.

రెండు జాగ్రత్తలు. పైనున్న వెంటిలేటర్లు ఎవరూ మూయొద్దు. 36 మంది ఊపిరి బయటికి పోవాలి. రెండోది నిప్పుల సంగతి. పోయిన ఏడు వంటశాలలోంచి బకెట్టులో నిప్పులు తెచ్చి డార్మెటరీలో పెట్టుకుంటే వార్డెన్ సార్ అర్ధరాత్రి వచ్చి తిట్టి పట్టుకెళ్ళిపోయారు. మేం చాటుగా ఆయన్ని ఏమేమో అనుకున్నాం. సందులు మూసిన గదిలో బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన ఉండదు, రంగుండదు. నిద్రలో ఉన్నవాడు నిద్రలోనే పోతాడు. ఆ రాత్రి ఆయన రాకపోతే ఈ వ్యాసం రాసేవాడూ ఉండడు, చదివేవాళ్ళూ ఉండరు. సార్, క్షమించండి. కరెంటు పోయినప్పుడు కొవ్వొత్తులు కూడా కిటికీ గట్టు మీద పెట్టకండి, అక్కడిప్పుడు ప్లాస్టిక్ ఉంది.

మూడో డార్మెటరీకి కావలసిన అద్దాల కొలతలు, ఎన్ని పలకలో సహా, విడి కాగితం మీద రాసి హెచ్.ఎం. సార్ టేబుల్ మీద పెట్టాం. మిగిలిన రెండు కిటికీలకి ప్లాస్టిక్ పని ఆదివారం టిఫిన్ అయ్యాక. కవరు ఉంది, చెక్క బద్దీలు ఉన్నాయి. సన్న మేకులు ఒక గుప్పెడు, ఒక సుత్తి కావాలి. ఉన్నవాళ్ళు పదో తరగతి ఎ సెక్షన్‌లో చెప్పండి. బావ ముక్క సైన్స్ బీరువాలో పెట్టాను, ఊపి చూడొచ్చు, గింజలు మాత్రం తీయకండి.